లేత్ మేస్త్రీ కొడుకు మెకానికల్ చదవొచ్చా?

ఎంసెట్ ఫలితాలు వచ్చాయంటే చాలు, పేపర్లో పనిచేసేవాడికి చుట్టాలు పెరుగుతారు. ఆంధ్రలో 2021 నుంచి, తెలంగాణలో 2024 నుంచి దాని పేరు ఈఏపీసెట్ అని మారింది కానీ జనం నోట్లో అది ఇప్పటికీ ఎంసెట్టే. ఏ కాలేజీ మంచిది, ఏ బ్రాంచికి గిరాకీ ఉంది, ఏ సీటు తీసుకుంటే పిల్లాడు అమెరికా వెళ్తాడు... పేపరోడికి తెలియనిది ఉండదని వాళ్ల నమ్మకం. ఎందుకు చెడగొట్టాలని నేనూ తలాడిస్తుంటాను.

ఈసారి వచ్చినాయన చుట్టం కాదు. నా పాత స్కూటర్‌కి బుష్‌లు తిప్పి పెట్టే లేత్ మేస్త్రీ. విజయవాడ ఆటోనగర్‌లో పాతికేళ్లకు పైగా ఒకటే షెడ్డు, ఒకటే లేత్. లారీలు, ట్రాక్టర్లు, రైసుమిల్లు యంత్రాలు... ఎక్కడ ఏ షాఫ్టు అరిగినా, విరిగినా ఆయన దగ్గరికి వస్తుంది.

''మావాడికి ర్యాంకు బాగానే వచ్చింది బాబూ. సీఎస్ఈ తీసుకోరా అంటే మెకానికల్ అంటున్నాడు. నా చేతులు చూడండి''

చూశాను. గోళ్ల చుట్టూ ఎన్ని సబ్బులు పెట్టి రుద్దినా వదలని నలుపు. ఎడమచేతి చూపుడువేలికి చివరి కణుపు లేదు.

''ఈ మసి నాతోనే పోవాలి. వాడు ఏసీ గదిలో కూర్చోవాలి. మీరు చదువుకున్నోళ్లు, మీరు చెబితే వింటాడు''

వింటాడో లేదో తరువాత సంగతి. చెప్పాలంటే ముందు నాకు తెలియాలి కదా! జర్నలిజం డిప్లొమాలో లేత్ గురించి ఒక్క ముక్కా చెప్పలేదు మరి. అయినా సరేనన్నాను. స్కూటర్ ఆయన షెడ్డులోనే ఉంది, కాదంటే బాగుండదు.

'అదంతే' అంటే ఏంటి?

కుర్రాడితో మాట్లాడాను. నన్ను అంకుల్ అన్నాడు. ముప్ఫైల్లో ఉన్నవాడికి అది కాస్త గుచ్చుకునే మాటే, పోనిద్దురూ! మెకానికల్ ఎందుకురా అంటే 'ప్యాషన్' అంటాడేమో అనుకున్నా. ఈ మధ్య అందరూ అదే మాట అంటున్నారు. వాడు మాత్రం ఇంకోటి చెప్పాడు.

''సెలవుల్లో నాన్న దగ్గర కూర్చుంటాను అంకుల్. టూలు పెట్టగానే శబ్దం విని స్పీడు తగ్గిస్తాడు. ఎందుకు తగ్గించావు నాన్నా అంటే అదంతేరా అంటాడు. ఆ 'అదంతే' ఏంటో నాకు తెలియాలి''

దీనికి ఎదురుచెప్పడం ఎలాగో నాకు తోచలేదు. ఇంటికొచ్చి నాలుగు పుస్తకాలు ముందేసుకున్నాను. తేలిందేంటంటే, ఆ 'అదంతే' వెనక ఒక మనిషి జీవితంలో సగం ఉంది.

ఫ్రెడరిక్ టేలర్ అని ఒక అమెరికన్ ఇంజినీరు. ఇనుము కోసే పనిముట్టు ఎంత వేగంతో కోస్తే ఎంతసేపు పదును నిలుస్తుందో తేల్చడానికి 26 ఏళ్లపాటు ప్రయోగాలు చేయించాడు. ఆ ప్రయోగాల్లో 8 లక్షల పౌండ్లకు పైగా ఇనుము, ఉక్కు రజనైపోయింది. అంటే సుమారు 360 టన్నులు! 1906 డిసెంబరులో అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం ముందు ఆ ఫలితాలన్నీ పెట్టాడు. అందులోంచి పుట్టిన చిన్న సూత్రాన్ని ఇప్పటికీ బీటెక్‌లో చదువుతారు. దాని ప్రకారం మామూలు హైస్పీడ్ స్టీలు టూలుతో కోస్తున్నప్పుడు వేగాన్ని 20 శాతం పెంచితే, గంటసేపు నిలవాల్సిన పదును పావుగంట కూడా నిలవదు. వేగాన్ని రెట్టింపు చేశారా... టూలు ఆయుష్షు 256వ వంతుకు పడిపోతుంది. గంట కాస్తా పదిహేను సెకన్లు కూడా ఉండదన్నమాట!

మేస్త్రీకి ఈ లెక్క తెలియదు. కానీ మైల్డ్ స్టీలు కడ్డీ తిప్పేటప్పుడు రజను నీలంగా మారుతోందా, టూలు కీచుమంటోందా అని చూసి చెయ్యి గేరు మీదికి పోతుంది. యాభై మిల్లీమీటర్ల కడ్డీకి నిమిషానికి 190 చుట్లు దగ్గర పెట్టమని పుస్తకం చెబుతుంది. ఆయన ఏ పుస్తకం చూడకుండా ఆ చుట్టుపక్కలే పెడతాడు. తేడా ఎక్కడంటే, రేపు కొత్తరకం ఉక్కు వస్తే ఆయన నాలుగు టూళ్లు పాడుచేసుకుని నేర్చుకోవాలి. లెక్క తెలిసినవాడు ఒకటే పాడుచేసుకుంటాడు.

కనబడనిది గీయడం

మెకానికల్ అంటే బండ్లు విప్పి బిగించడం అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. కాలేజీలో చేరినవాళ్లలో కూడా! మొదటి ఏడాదిలోనే ఆ భ్రమ పోతుంది. పోగొట్టేది ఇంజినీరింగ్ డ్రాయింగ్.

బస్సుల్లో చూసే ఉంటారు. వీపున పొడవాటి గొట్టం, చేతిలో డ్రాఫ్టర్ పట్టుకుని, నిలబడటానికే చోటు లేనిచోట ఆ రెంటినీ కాపాడుకుంటూ వేలాడే కుర్రాళ్లు... వాళ్లే. ఒక వస్తువుని ముందు నుంచి చూస్తే ఎలా ఉంటుందో, పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో గీయాలి. మనదేశంలో వాడే ఫస్ట్ యాంగిల్ పద్ధతిలో పైనుంచి చూసిన బొమ్మ కింద వస్తుంది, కుడి పక్క నుంచి చూసిన బొమ్మ ఎడమవైపు వస్తుంది. ఇదేం తిరకాసు అనిపిస్తుంది. వస్తువు మనకీ గోడకీ మధ్య ఉందనీ, దాని నీడ అవతలి గోడ మీద పడుతోందనీ ఊహించుకుంటే తిరకాసు విడిపోతుంది. ఆ ఊహ కొందరికి మొదటివారంలోనే తడుతుంది. కొందరికి సప్లిమెంటరీ దాకా తట్టదు. ఇంటర్‌లో లెక్కలకి నూటికి నూరు వచ్చినవాళ్లు ఇందులో తప్పుతుంటారు, అంతంతమాత్రం మార్కులవాళ్లు చకచకా గీసేస్తుంటారు. ఇంటర్ రెండేళ్లూ బిట్లు కొట్టిన బుర్రకి ఒక ఘనాకారాన్ని మనసులో తిప్పి చూడటం కొత్త మరి!

తరువాత వర్క్‌షాపు. ఫిట్టింగ్, కార్పెంటరీ, ఫౌండ్రీ, కమ్మరం. ఫిట్టింగ్‌లో రెండు ఇనప ముక్కలిచ్చి, ఒకదానిలో 'వి' ఆకారంలో గాడి, రెండోదానిలో దానికి సరిపోయే మొన చేయమంటారు. ఆకురాయితో మూడు గంటలు రాయాలి. రెంటినీ కలిపి వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే మధ్యలోంచి వెలుగు రాకూడదు. మొదటిసారి అందరికీ వస్తుంది, చేతులకి బొబ్బల్లాగే! ఫౌండ్రీలో ఇసుకలో అచ్చు దిగ్గొట్టి, పెట్టె తిప్పి, నమూనా పైకి తీసే క్షణంలో క్లాసంతా ఊపిరి బిగపడుతుంది. అంచు విరిగితే మళ్లీ మొదటికే.

రెండో ఏడాది నుంచి అసలు కథ మొదలవుతుంది. థర్మోడైనమిక్స్, మెకానిక్స్ ఆఫ్ సాలిడ్స్, ఫ్లూయిడ్ మెకానిక్స్, యంత్రాల చలనాలు... సప్లీలు కుప్పలుగా పడేది ఇక్కడే. థర్మోడైనమిక్స్ పేరు చెబితే సీనియర్లు జూనియర్లని భుజం తట్టి ఓదారుస్తారు. నిజానికి అందులో ఉన్నంత కథ మరో సబ్జెక్టులో లేదేమో. సాదీ కార్నో అనే ఫ్రెంచి సైనిక ఇంజినీరు 1824లో, 28 ఏళ్ల వయసులో ఒక చిన్న పుస్తకం రాశాడు. వేడితో నడిచే యంత్రం ఏదైనా సరే, ఎంత గొప్పవాడు చేసినా సరే, ఒక హద్దు దాటి పనిచేయలేదనీ, ఆ హద్దుని వేడిచోటుకీ చల్లటిచోటుకీ మధ్య ఉన్న తేడాయే నిర్ణయిస్తుందనీ అందులోని సారాంశం. ఆయన ఉండగా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ముప్ఫైఆరేళ్లకే పోయాడు.

ఇది ఎక్కడో ఫ్రాన్సు సంగతి కదా అనుకోకండి. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నంలో నార్ల తాతారావు థర్మల్ కేంద్రం ఉంది. అలాంటిచోట ఆవిరి 540 డిగ్రీల దగ్గర టర్బైన్‌లోకి వెళ్లి, 40 డిగ్రీల దగ్గర నీరవుతుందనుకోండి. కార్నో లెక్క ప్రకారం వేడిలో 61 శాతం దాకా కరెంటుగా మారాలి. మారేది నూటికి 35, 40. మిగిలినదంతా ఏమైంది? పొగగొట్టం గుండా కొంత పోతుంది, ఎక్కువభాగం ఆవిరిని చల్లబరిచే నీళ్లలోకి పోతుంది. మనం తగలేసే బొగ్గులో సగానికి పైగా నీళ్లు కాచడానికే! దీన్ని ఒక్క శాతం తగ్గించగలిగినా ఎన్ని వ్యాగన్ల బొగ్గు మిగులుతుందో ఊహించుకోండి. మెకానికల్ ఇంజినీరు పని అలాంటి ఒక్కొక్క శాతం కోసం పాకులాడటం.

తాళం వేసిన ల్యాబులు

ఇప్పుడు మేస్త్రీ వైపు వాదన కూడా వినాలి. ఆయన భయం ఊరికే పుట్టలేదు.

ఒకప్పుడు ఇంజినీరంటే సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్. కాకినాడ, అనంతపురం ఇంజినీరింగ్ కాలేజీలు రెండూ 1946లో పుట్టాయి. మొదటిది విశాఖలో, రెండోది మద్రాసు గిండీలో మొదలై తరువాత ఇప్పుడున్న ఊళ్లకు మారాయి. అప్పుడు కంప్యూటర్ బ్రాంచి అనే ఊసే లేదు. ఇప్పుడు? మెకానికల్ సీట్లు మిగిలిపోతున్నాయని కొన్ని కాలేజీలు ఆ బ్రాంచినే ఎత్తేశాయి. 2024-25 నుంచి ఏఐసీటీఈ బ్రాంచికి ఇన్ని సీట్లేననే పరిమితి ఎత్తేయడంతో కంప్యూటర్ సెక్షన్లు ఇంకా పెరిగాయి. చేరినవాళ్లు కూడా చివరి ఏడాదిలో క్యాంపస్‌కి వచ్చే సాఫ్ట్‌వేర్ కంపెనీ ముందే వరుస కడుతున్నారు. అన్ని బ్రాంచిలవాళ్లనీ తీసుకుంటారు కదా! అక్కడ రానివాళ్లు అమీర్‌పేట బస్సెక్కుతారు. నాలుగేళ్లు గేర్లూ బేరింగులూ చదివి, నాలుగు నెలల్లో జావా నేర్చుకుని వేరే దారి పట్టినవాళ్లు మీ చుట్టాల్లోనే ఇద్దరు ముగ్గురు ఉంటారు.

ఫ్యాక్టరీలో ట్రెయినీగా చేరితే మొదట్లో వచ్చే జీతం సాఫ్ట్‌వేర్ జీతంతో తూగదు. షిఫ్టులు, ఊరికి దూరంగా ప్లాంటు, చెవులు చిల్లులుపడే మోత. ఇవన్నీ నిజాలే. దాచి లాభం లేదు.

కానీ నాకు కోపం తెప్పించింది ఇంకోటి. ఈ వ్యాసం కోసం తిరిగిన రెండు మూడు కాలేజీల్లో ల్యాబు తలుపులకి తాళాలున్నాయి. ఒకచోట లక్షలు పోసి కొన్న యంత్రానికి ప్లాస్టిక్ కవరు కూడా విప్పలేదు. తనిఖీ కమిటీ వచ్చే ముందురోజు తుడుస్తారట! ప్రయోగం చేయకుండానే సీనియర్ రికార్డు చూసి అంకెలు ఎక్కించేస్తారు. ఫైనలియర్ ప్రాజెక్టులు రెడీమేడ్ చొక్కాల్లా దుకాణాల్లో దొరుకుతున్నాయి. ఏది కావాలి సార్, సోలార్ కారా, గాలిమరా? బైండింగుతో సహా! ఇలా చదివినవాడికి ఉద్యోగం రాకపోతే తప్పు బ్రాంచిదంటారు. చేత్తో ముట్టుకోని మెకానికల్ మెకానికల్ ఎలా అవుతుందో నాకైతే అర్థం కాలేదు.

అలాగని అంతా చీకటి కాదు. గేట్ రాసి ప్రభుత్వరంగ సంస్థల్లోకి, ఎంటెక్‌లోకి వెళ్లేవాళ్లున్నారు. జెన్‌కో, రైల్వే, రవాణాశాఖలో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ పోస్టుల కోసం ఏళ్ల తరబడి కళ్లు కాయలు కాచేలా ఎదురుచూసేవాళ్లూ ఉన్నారు. పెనుకొండ దగ్గర కియా కార్ల ఫ్యాక్టరీ 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. అక్కడ వెల్డింగు చేసేవి రోబోలే, కానీ ఆ రోబోలు ఎక్కడ ఎంత నొక్కాలో చెప్పేవాడు కావాలి. 2022 నవంబరు 18న శ్రీహరికోట నుంచి ఎగిరిన విక్రమ్-ఎస్, మనదేశంలో ప్రైవేటు సంస్థ చేసిన తొలి రాకెట్. చేసింది హైదరాబాద్ కంపెనీ స్కైరూట్. దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన పవన్‌కుమార్ చందన ఐఐటీ ఖరగ్‌పూర్‌లో చదివింది మెకానికల్. ఉస్మానియాలో మెకానికల్ బీఈ చేసిన వరంగల్‌వాసి జె.ఎన్.రెడ్డి అమెరికాలో ప్రొఫెసర్. విమానాల్లో వాడే పొరల పలకలు బరువుకి ఎలా వంగుతాయో లెక్కగట్టే సిద్ధాంతాలతో పేరు తెచ్చుకుని, 2019లో ఆ రంగంలో అతిపెద్దదైన తిమొషెంకో పతకం అందుకున్నారు. కరెంటు కార్లొస్తే ఇంజిన్ ఉండదు కదా, ఇక మెకానికల్ ఎందుకని అడిగేవాళ్లకో మాట. బ్యాటరీ వేడెక్కకుండా చూడటం ముమ్మాటికీ హీట్ ట్రాన్స్‌ఫర్ పాఠమే.

షెడ్డు నుంచి కాలేజీకి

ఆప్షన్లు పెట్టడానికి ఇంకా నాలుగు రోజులుందనగా నాకో ఆలోచన వచ్చింది. కుర్రాడికి నేను చెప్పేదేంటి, తండ్రినీ కొడుకునీ ఇద్దర్నీ ఒక కాలేజీకి తీసుకెళ్తే పోలా? తెలిసినవాళ్ల ద్వారా ఒక లెక్చరర్‌ని పట్టుకున్నాను. యంత్రభాగాల డిజైన్ చెబుతారాయన. వాళ్ల ల్యాబుకి తాళం ఉండదు, నేను ముందే చూసొచ్చాను!

శనివారం మధ్యాహ్నం. మేస్త్రీ ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. గేటు దగ్గరే కాస్త ముడుచుకుపోయాడు. ల్యాబులో ఒక అమ్మాయి నేలమీద కూర్చుని చిన్న కారు లాంటి దాని కింద స్పానర్‌తో కుస్తీ పడుతోంది. ఎగుడుదిగుడు నేలమీద నడిచే బండ్ల పోటీ ఉంది కదా, 2007 నుంచి జరుగుతున్న బాహా, దానికోసం తయారుచేస్తున్నారట. వాళ్ల క్లాసులో అరవైమందికి అమ్మాయిలు ముగ్గురే. ''చేరినప్పుడు ఆడపిల్లకి సుత్తి పనేంటని మా పెద్దమ్మ ఏడ్చిందండీ'' అంది నవ్వుతూ. మేస్త్రీ ఆ బండి చుట్టూ ఒకసారి తిరిగి, ఏమీ అనకుండా వంగి, ఒక బోల్టు కింద వాషర్ తిరగేసి ఉందని వేలితో చూపించాడు. సగం వేలితో.

లెక్చరర్ ముందు కడ్డీని సాగదీసి తెంపే యంత్రం నడిపారు. మైల్డ్ స్టీలు కడ్డీ సాగి సాగి, నడుము సన్నబడి, అప్పుడు ఠప్పుమంది. పోతఇనుము ముక్క సాగలేదు, సన్నబడలేదు. ఉన్నట్టుండి రెండు ముక్కలు. ''చెప్పాపెట్టకుండా పోతదది'' అన్నాడు మేస్త్రీ. మీ దగ్గర సుద్దముక్క ఉంటే రెండు చేతులా పట్టుకుని మెలితిప్పి చూడండి. అడ్డంగా కాదు, ఏటవాలుగా మెలికలా విరుగుతుంది. పోతఇనుమూ మెలితిప్పితే అంతే.

బల్లమీద విరిగిన షాఫ్టులు నాలుగైదు ఉన్నాయి. క్లాసులో చూపించడానికి పోగేసినవి. మేస్త్రీ ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. లావు భాగం నుంచి సన్నభాగానికి మారేచోట, సరిగ్గా ఆ మెట్టు దగ్గర విరిగింది. విరిగిన ముఖం మీద ఒకవైపు నున్నగా, చెట్టు కాండం కోస్తే కనబడే వలయాల్లా గీతలు. మరోవైపు గరుకుగా ఉంది.

''ఇక్కడ మూల పదునుగా తిప్పారు. రేడియస్ ఇవ్వలేదు. అందుకే పోయింది'' అన్నాడు.

లెక్చరర్ ఆయన వైపు తిరిగారు. ''మీకెలా తెలుసు?''

''మా గురువు చెప్పేవోడండి. మెట్టు దగ్గర మూల వదలకురా, గుండ్రం చెయ్యి, లేకపోతే నెల తిరక్కుండా నీ దగ్గరికే వస్తదని. ఎందుకో చెప్పలేదు. అదంతే అనేవోడు''

కుర్రాడు నావైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

ఈ పాఠం చెప్పడానికి తనకి రెండు క్లాసులు పడుతుందన్నారు లెక్చరర్. తిరిగే షాఫ్టులో ప్రతి చుట్టుకీ ఒకసారి లాగుడు, ఒకసారి నొక్కుడు. నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగితే పదిహేడు గంటల్లో పది లక్షలసార్లు. మూల పదునుగా ఉన్నచోట స్ట్రెస్ గుమిగూడుతుంది. పలకలో ఒక చిన్న గుండ్రటి రంధ్రం ఉంటేనే దాని అంచున మూడురెట్లవుతుంది, ఇక పదును మూల సంగతి చెప్పాలా! అక్కడ కంటికి కనబడని పగులు పుడుతుంది. రోజుకింత పాకుతుంది. నున్నగా ఉన్న భాగం అలా నెమ్మదిగా పాకినది. గరుకుగా ఉన్నది, మిగిలిన కాస్తా మోయలేక ఒక్కసారిగా తెగింది.

ఇది తెలుసుకోవడానికి ప్రపంచం చాలా మూల్యం చెల్లించింది. 1842 మే 8న వెర్సాయ్ నుంచి పారిస్ వెళ్తున్న రైలు ఇంజిన్ ఇరుసు విరిగి, పెట్టెలు అంటుకుని యాభైమందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడాది స్కాట్లండ్‌కి చెందిన రాంకిన్, విరిగిన ఇరుసులు పరిశీలించి మెట్టు దగ్గర గుండ్రం చేయాలని రాశాడు. అప్పటికి ఆయన ఇంకా ఇరవైల తొలినాళ్లలోనే ఉన్నాడు.

మేస్త్రీ అంతా విన్నాడు. ''లారీ ఛాసిస్‌కి పగులొస్తే, పగులు చివర డ్రిల్లుతో బెజ్జం వేస్తాం. ఇక పాకదు. అదీ ఇదేనా?''

''అదీ ఇదే! పగులు మొన సూదిలా ఉంటుంది. మీ బెజ్జం దాన్ని గుండ్రం చేస్తుంది''

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత మేస్త్రీ అడిగిన ప్రశ్నకి నేను సిద్ధంగా లేను.

''ఎంత రేడియస్ ఇవ్వాలో లెక్కుందాండీ? నేను అందాజుగా ఇస్తాను. ఒక్కోసారి ఎక్కువిస్తే బేరింగు ఆనుకోదు''

లెక్చరర్ బల్ల సొరుగులోంచి లావుపాటి పుస్తకం తీశారు. కోయంబత్తూరు పీఎస్‌జీ కాలేజీవాళ్ల డిజైన్ డేటా బుక్. పరీక్ష హాల్లోకి కూడా తీసుకెళ్లనిచ్చే పుస్తకం. చూసి రాసుకోవచ్చన్నా దాన్ని చూసి భయపడేవాళ్లే ఎక్కువ, అది వేరే సంగతి. ఒక పేజీ తెరిచి గీతలు చూపించారు. సన్నభాగం వ్యాసం ఇంత, లావుభాగం ఇంత అయితే, ఎంత రేడియస్‌కి స్ట్రెస్ ఎన్ని రెట్లవుతుందో ఆ గీతల్లో ఉంది. మేస్త్రీకి ఇంగ్లీషు రాదు. కొడుకు పక్కన నిలబడి చదివి చెబుతుంటే, సగం వేలు గీతవెంట మెల్లగా జరిగింది.

తిరుగుప్రయాణంలో ఆయన నోరు విప్పలేదు. దిగేటప్పుడు మాత్రం ''ఆ సారుకి జీతమెంతుంటది బాబూ?'' అన్నాడు.

ఆప్షన్లు పెట్టే రాత్రి ఇంట్లో ఏం జరిగిందో కుర్రాడు చెప్పాడు. తల్లి సీఎస్ఈ వైపు, బాబాయి సీఎస్ఈ వైపు. తండ్రి ఏదీ తేల్చలేదు. చివరికి మొదటి రెండు ఆప్షన్లు మెకానికల్, రెండూ యూనివర్సిటీ కాలేజీల్లో. మూడోది నుంచి సీఎస్ఈ. ఇంటర్నెట్ సెంటర్లో పదకొండింటికి ఫ్రీజ్ చేశారట.

రెండో ఆప్షన్ వచ్చింది.

మొన్న మేస్త్రీ ఫోన్ చేశాడు. ''సీటొచ్చింది బాబూ. రెండో విడతలో సీఎస్ఈకి మార్చుకునే వీలుందంట కదా, కాస్త కనుక్కుని చెప్తారా?''

సరే కనుక్కుంటానన్నాను. పెట్టేయబోతుంటే మళ్లీ ఆయనే...

''అన్నట్టు, ఆ సారు చూపించిన లావుపాటి పుస్తకం... మన బెజవాడలో ఏ షాపులో దొరుకుతుందంటారు?''